సైకిల్ బెల్లు పాట

పాత రేడియో భవనం వైపు చీకటి పడ్డాక ఎవరూ పోరు. యుద్ధం అయిపోయి పాతికేళ్ళు దాటింది. దాని తలుపులకు తాళాలు పడీ అంతే కాలమైంది. అయినా రాత్రి పదకొండు కొట్టగానే లోపల్నుంచి సైకిల్ బెల్లు మోగుతుంది... ట్రింగ్, ట్రింగ్. వెనకే ఒక ఆడగొంతు. మా సందులోకి వస్తే రెండుసార్లు బెల్లు కొట్టి పొమ్మని ఎవరో కుర్రాణ్ణి అడిగే పాట. యుద్ధంలో పోయిన సిపాయిలు ఆ పాట కోసం వస్తారని చెప్పుకుంటారు.

ఈ మాట చెవిన పడితే గంభీరంగారికి ఒళ్ళు మండేది.

"దెయ్యాలకైనా కాస్త అభిరుచి ఉండొద్దూ?" అనేవాడు.

గంభీరంగారంటే యుద్ధకాలమంతా ఆ రేడియోలో సిపాయిలు కోరిన పాటలు వినిపించిన పెద్దమనిషి. గొంతును బట్టి వచ్చిన పేరది. కోరిన పాటలని పేరే గానీ, వాళ్ళు కోరింది ఈయన ఏనాడూ వేసిన పాపాన పోలేదు. సరిహద్దు నుంచి కార్డులు వచ్చేవి. గుమాస్తా వాటిలోంచి పేరూ, దళం నంబరూ, పాటా ఒక కాగితం మీదికి ఎక్కించేవాడు. ఈయన కార్డుల మొహం చూడకుండా, ఆ కాగితంలోని పేర్లు చదివి, తనకు నచ్చిన కవాతు పాట పెట్టేవాడు. ప్రాణాలివ్వడానికి వెళ్ళినవాడికి సైకిల్ బెల్లేమిటి, చవకబారు!

ఒక్క పేరు మాత్రం చదవలేదు... సొంత కొడుకుది. చదివితే పక్షపాతం అంటారట.

ఆ కొడుకు తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఏ వేదిక ఎక్కినా ఈయనది ఒకటే ఉపన్యాసం. "నా బిడ్డ చివరిసారి కోరింది ఆ కవాతే!" జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఈయన పతకాలు తుడుచుకునేవాడు.

ఇప్పుడొచ్చి పడింది చిక్కు. ఆ భవనాన్ని మ్యూజియం చేస్తున్నారు. తెల్లారితే కార్డులన్నీ అద్దాల బీరువాల్లోకి ఎక్కుతాయి, కొడుకు కార్డుతో సహా. అందులో ఏ పాట ఉందో ఈయనకు తెలుసు, కాగితంలో చూశాడుగా.

అందుకే ఆ రాత్రి పాత తాళంచెవి పట్టుకుని, దొంగలా వెనక తలుపు తీశాడు.

పొడుగాటి వరండా. టార్చి వెలుగులో దుమ్ము తప్ప ఏమీ లేదు. నాలుగడుగులు వేశాడో లేదో...

ట్రింగ్.

ఆగిపోయాడు.

ట్రింగ్, ట్రింగ్ — స్టూడియో గదిలోంచి. తర్వాత ఆ ఆడగొంతు. వెనక్కి పారిపోదామంటే తెల్లారితే పరువు పోతుంది. తలుపు తోశాడు.

లోపల గ్రామఫోను తిరుగుతోంది. ఎదురుగా కుర్చీలో ఒక మనిషి. ఒకే కాలు...

"కూర్చోండి సార్. పాట అయిపోనివ్వండి," అన్నాడు మెల్లగా.

గేటు దగ్గరుండే కాపలాదారు, ఒకప్పటి సిపాయి! గంభీరంగారికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది, దాంతోపాటు పొగరూ వచ్చింది.

"ఊరందర్నీ హడలగొడుతున్నది నువ్వా?"

"రోజుకో కార్డు చదివి, వాళ్ళడిగింది వేస్తున్నాను సార్, అందరిదీ ఈ పాటే. అప్పుడు మీరు వేయలేదుగా."

"సిపాయివై ఉండి ఈ చెత్త వింటావా?"

"కాలు పోయిన రాత్రి ఇదే పాడుకున్నాం సార్. ముందు మీ కవాతే పాడి చూశాం. నొప్పి తగ్గలేదు."

గంభీరంగారు చెయ్యి చాపాడు. ఏ కార్డని అడక్కుండానే కాపలాదారు జేబులోంచి తీసి ఇచ్చాడు. పక్కన పెట్టి ఉంచాడట. కొడుకు చేతిరాతను ఆయన చూడటం పాతికేళ్ళలో అదే మొదటిసారి.

"సైకిల్ బెల్లు పాట కావాలి. నాన్న వేయడని తెలుసు, ఫర్వాలేదు. నా పేరు చదివితే చాలు, ఆయన గొంతు వింటాను. కవాతు మొదలవగానే ఇక్కడ మేమందరం రేడియోలు టక్కున కట్టేస్తాం. బ్యాటరీ కలిసొస్తుంది."

ఆయన ఎదురు కుర్చీలో కూలబడి, చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కాపలాదారు ఓదార్చలేదు. తీగలు తెగిన మైకును మాత్రం ఆయన ముందుకు జరిపాడు.

"చదవండి సార్... ఇప్పుడైనా."

చదివాడు. కొడుకు పేరు, దళం నంబరు... ఒక్క అక్షరం మింగకుండా చదివాడు. వరండాలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

చదివి, రికార్డుల దొంతరలోకి చెయ్యి పెట్టాడు. కొంతమందికి కన్నీళ్ళొస్తాయి గానీ బుద్ధి రాదు. ఆ చెయ్యి ఏడుపులోనూ వెతుక్కుంటూ పోయి అలవాటైన రికార్డునే తీసింది, అలవాటైనట్టే ముల్లు పెట్టింది.

ధన్... ధన్... ధన్... కవాతు మొదలైంది.

వెనక చీకట్లో ఎక్కడో — టక్.

ఆ పక్కన ఇంకోటి. టక్. ఆ తర్వాత వరుసగా, వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా — టక్, టక్, టక్, టక్...

"ఎవ... ఎవరు కట్టేస్తున్నారు?"

కాపలాదారు అప్పటికే లేచి, కర్ర చంకన పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఈ భవనంలో ఒక్క రేడియో కూడా లేదు సార్."