మెడ దగ్గరి వాసన

నాకు కోపమెప్పుడూ ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఏడిపిస్తుంటాడు. ఉండదా మరి? మా ఇల్లు సగం గడిచేది ఆ ముక్కుతోనే. నేను సెంట్ల కొట్లో పనిచేస్తాను. సీసాలు అమ్మేవాళ్లు ముందు గదిలో ఉంటారు, నాది వెనక గది పని. ఎప్పుడో తయారీ ఆపేసిన సెంటునో, పోయిన తాతగారి కోటుకు పట్టిన వాసననో తెచ్చి, మళ్లీ అదే కావాలని అడిగేవాళ్లు ఉంటారు. అందులో ఏమేం ఉన్నాయో ముక్కుతో విడదీసి, చుక్క చుక్క కలిపి మళ్లీ తయారుచేసి ఇస్తాను.

ఈ పని నేర్పింది మా యజమాని. డెబ్భై దాటిన మనిషి, కొట్టు పై అంతస్తులోనే ఉంటాడు. అందరం పెద్దాయన అంటాం. ఆయన పెట్టిన నియమాలు రెండే. పనికి వచ్చేటప్పుడు ఒంటికి ఏ సెంటూ పూసుకోకూడదు. పోయినవాళ్ల వాసన కాగితపు పట్టీ మీదే చూడాలి, ఒంటి మీద చూడకూడదు.

"కాగితానికి సొంత వాసన ఉండదమ్మా, మనిషికి ఉంటుంది. రెండూ కలిశాయంటే ఏది ఎవరిదో తేల్చలేం" అనేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని.

నిజానికి నా వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎవరి వాసన వాళ్లకు తెలియదు కదా. మా పాపకు మాత్రం తెలుసు. మూడేళ్లది. నిద్రొస్తే చాలు, నా మెడ కింద ముక్కు దూర్చి "అమ్మ వాసన" అంటుంది. రెండు నిమిషాల్లో నిద్రపోతుంది. రోజంతా ఎంత చాకిరీ చేసినా ఆ రెండు నిమిషాలతో నాకు అలసట తీరిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం ఒకాయన పాత బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. అందులో మడతపెట్టిన శాలువా ఉంది. డబ్బా మూతకు లోపలివైపు ఒక ఫోటో అంటించాడు. అదే శాలువా కప్పుకున్న ఆవిడ, ఆవిడ ఒళ్లో మా పాప ఈడు పిల్ల.

"మా ఆవిడదండీ. పోయి ఆర్నెల్లయింది. ఈ వాసన మళ్లీ కావాలి." గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు.

"మీ కోసమేనా అండీ?"

"నాక్కాదు. ఇంట్లో నిద్రపోనివ్వడం లేదండీ... గదిగదీ తిరిగి వెతుకుతోంది. ఎంత చెప్పినా వినదు."

"పాపా?" అన్నాను ఫోటో వైపు చూస్తూ.

ఆయన తల దించుకున్నాడు.

"మీకు పిల్లలున్నారా?" అని అడిగాడు ఉన్నట్టుండి.

"ఒక పాప. మూడేళ్లు."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే మీరే చేయాలి. కాగితం మీద చూస్తే రాదండీ. మీ మెడ దగ్గర రాసుకుని చూడండి. పిల్లలు అక్కడే కదా ముక్కు పెట్టేది."

ఆ మాట నిజమే అనిపించింది. అక్కడే నేను తప్పు చేశాను.

వారం రోజులు కలిపాను. ఎండిన గులాబీ, టాల్కం పౌడరు, కాస్త కర్పూరం. కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి కానీ ప్రాణం లేదు. తల్లి కోసం ఏడ్చే పిల్లకు ప్రాణం లేని వాసన ఎలా ఇస్తాను? కొట్టుకు సెలవు రోజున, ఎవరూ ఉండరు కదా అని మధ్యాహ్నం ఒంటరిగా వెళ్లాను. మా ఆయన ఊళ్లో లేడు, పాపను అత్తయ్యకు అప్పగించాను. ఆవిడకు కంటి ఆపరేషనై నాలుగు రోజులే అయింది, నల్లద్దాల వెనక మసకమసకగా కనిపిస్తుంది. "అయిదింటికల్లా వచ్చేస్తానత్తయ్యా" అని చెప్పాను.

వాసన గది చిన్నది. మేజా, కుర్చీ, గోడకు సీసాలు, అంతే. కిటికీ లేదు. బయటి వాసన రాకుండా తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. అది బయటికి తెరుచుకునే తలుపు. మూసుకోకుండా కింద చెక్కముక్క పెట్టుకుంటాం. ఆరోజూ పెట్టాను. బాగా గుర్తుంది.

మెడకు రెండు చుక్కలు రాసుకున్నాను. ఒంటి వేడికి వాసన మెల్లగా లేచింది. గులాబీ, పౌడరు... ఆ తర్వాత ఇంకేదో. నిలవ నీళ్ల వాసన. పాచి పట్టిన తొట్టి అడుగున ఉంటుందే, అది. నేనది కలపలేదు.

నా వెనక తలుపు మూసుకుంది.

తోశాను. రాలేదు. భుజం ఆనించి తోశాను. కదల్లేదు. అంతలో దీపం ఆరిపోయింది. కళ్లు పొడుచుకున్నా ఏమీ కనిపించని చీకటి. తలుపు బాదాను. పెద్దాయనకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అన్నం తిని పడుకుంటే చెవి మిషను తీసి పక్కన పెట్టేస్తాడు. అరిచినా రబ్బరు పట్టీ దాటి ఎంత పోతుంది?

కంగారుపడితే గాలి త్వరగా అయిపోతుందని కుర్చీలో కూర్చున్నాను.

అప్పుడు వినిపించింది.

ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. నా మెడ దగ్గర. నెమ్మదిగా... లోతుగా... పీల్చడమే ఉంది, వదలడం లేదు.

చేత్తో విదిలించాను. చేతికి ఏమీ తగల్లేదు, తడి అంటింది. ఫోన్ లైటు వేశాను. గదిలో ఎవరూ లేరు. మేజా మీద శాలువా మడత విప్పి ఉంది. వారం రోజులుగా పై మడత మాత్రమే వాసన చూశాను, లోపలికి పోలేదు. ఆ మడతల మధ్య చిన్న గౌను ఉంది. ఫోటోలో పిల్ల వేసుకున్నదే. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే నిలవ నీరు. శాలువాకు పట్టినంతే, అంత పాతదే. ఇద్దరూ ఒకే నీళ్లలో మునిగారు.

ఆయనింట్లో గదిగదీ తిరిగి వెతుకుతున్నది పాప కాదు.

ఆయనకు సెంటు అక్కర్లేదు. ఆవిడకు ఇంకో ఇల్లు చూపించాలి.

మళ్లీ ఆ పీల్పు. ఒక్కో పీల్పుకూ నా ఒంట్లోంచి ఏదో తగ్గుతోంది. నొప్పి లేదు... ఏదో ఖాళీ అవుతున్నట్టుంది. కాసేపటికి మూల నుంచి కొత్త వాసన ఒకటి వచ్చింది. పాపకు రాసే నూనె, ఇస్త్రీ నూలు, కాస్త విరిగిన పాలు, వెచ్చటి చెమట. చాలా మంచి వాసన. ఎవరిదో పోల్చుకోలేకపోయాను. పోల్చుకున్నాక ఏడుపొచ్చింది.

అది నాది.

ఆ వాసన నన్ను దాటి తలుపు వైపు వెళ్లింది. రబ్బరు పట్టీ చిన్నగా కిర్రుమంది. తర్వాత గదిలో గులాబీ, పౌడరు, నిలవ నీరు, నేను మిగిలాం.

ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తయ్యా, నేను కొట్లో ఇరుక్కుపోయాను..."

"ఏం వేళాకోళమే ఇది?" అత్తయ్య నవ్వింది. "పక్కగదిలోంచి ఫోన్ చేస్తావా? ఇప్పుడేగా వచ్చి పాపనెత్తుకున్నావు."

"అత్తయ్యా! అది నేను కాదు! పాపను తీసుకోండి!"

"కళ్లు కనబడకపోతే మాత్రం నీ వాసన తెలీదా నాకు? ఉండు, కుళాయి తిప్పి వదిలేశావు, నీళ్లు పొర్లిపోతున్నట్టున్నాయి..."

గోళ్లు విరిగేదాకా తలుపు రక్కాను. ఎంతసేపో తెలియదు. చివరికి తలుపు తెరుచుకుంది. పెద్దాయన. వెలుగులో ఉండి కూడా ఆయన ముందు వాసనే చూశాడు, వెనక్కి అడుగేశాడు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు గుసగుసగా. తర్వాత నా మొహం చూసి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "తలుపు కింద చెక్కముక్క బయటి నుంచి ఎవరు దిగ్గొట్టారు? ఇంత తడిగా ఉందేమిటి?"

ఆయన్ని తప్పించుకుని ఇంటికి పరిగెత్తాను.

పాప బాత్రూమ్ గుమ్మంలో బట్టల్లేకుండా నిలబడి ఉంది. లోపల తొట్టి నిండి నీళ్లు పొర్లుతున్నాయి. ఎవరూ లేరు. పాపను లాగి గుండెకు హత్తుకున్నాను. అది నా మెడలో ముక్కు పెట్టింది. ఒక్క క్షణం. రెండు చేతులతో నన్ను తోసేసింది.

"నువ్వు కాదు. అమ్మ నీళ్లు పోస్తానంది."

ఆ తర్వాత ఎన్నిసార్లు ఒళ్లు రుద్దుకున్నానో లెక్కలేదు. చర్మం ఊడింది కానీ గులాబీ పోలేదు. ఆ ఇల్లు ఖాళీ చేశాం. డబ్బా తెచ్చినాయన మళ్లీ రాలేదు. అందరూ భయమంటున్నారు, మనోభ్రమ అంటున్నారు. పెద్దాయన ఒక్కడే నా దగ్గరికి వచ్చినప్పుడు ఊపిరి బిగబడతాడు.

నా వాసన నేనే తయారుచేసుకుందామని బీరువాలో పాత చీరలన్నీ తీసి చూశాను. అన్నీ శాలువా వాసనే. ఈ కొత్త ఇంట్లో నా వాసన ఒక్కచోటే ఉంది, బాత్రూమ్ తలుపు వెనక. స్నానాలకు పక్కవాటా వాళ్ల దగ్గరికి పోతున్నాం. ఆ తలుపుకు బయట గొళ్లెం పెట్టాను, ఎంత ఎత్తులో పెట్టగలనో అంత ఎత్తులో.

పాప నా పక్కన పడుకోదు. ఆ తలుపు సందులో ముక్కు పెట్టి "అమ్మ వాసన" అంటుంది, రెండు నిమిషాల్లో నిద్రపోతుంది.

నిన్న సాయంత్రం నేను వచ్చేసరికి అది స్టూలెక్కి మునివేళ్ల మీద నిలబడి ఉంది. గొళ్లానికి ఇంకా రెండంగుళాలు తక్కువ. స్టూలు అక్కడికి ఎలా వచ్చిందని, నల్లద్దాలు ఇంకా తీయని అత్తయ్యను అడిగాను.

"నువ్వేగా తెచ్చి వేశావు" అంది.