పారబోయని మాట

"ఆ ప్లేటు మూత ఇంకోసారి తీశారంటే మీ చేతులు కట్టేస్తాను" అంది నిదానం.

ల్యాబ్‌లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె చేత ఆ చీవాట్లు తిన్న సహోద్యోగికి వాళ్ళు పెట్టిన పేరు పాదరసం. ఆమె పెంచేవి రక్తనాళానికి లోపలి గోడ కట్టే కణాలు. అతను పెంచేవి వాటి వెనకుండే కండర కణాలు. ఆమెవి ఒకదాన్నొకటి ఆనుకుని బుద్ధిగా కూర్చుంటాయి. అతనివి ఒంటరిగా ఉంచితే చేయాల్సిన పని మానేసి ఎడాపెడా పెరిగిపోతాయి. పెంచినవాడి పోలికేనని ల్యాబంతా నవ్వుకునేది.

ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒకే ప్లేటులో, మధ్యలో సన్నని జల్లెడ పెట్టి, పైన ఆమె కణాలు, కింద అతనివి పెంచుతున్నారు. తాకనక్కర్లేదు. పైనవి వదిలే సంకేతాలు ద్రవంలోంచి దిగితే, కిందవి కుదురుకోవాలి. కానీ చేసినప్పుడల్లా బూడిదలో పోసిన పన్నీరే అవుతోంది.

ఈలోగా ఆమెకు వేరే ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. అది విన్నప్పటి నుంచి పాదరసానికి కాలు ఒకచోట నిలవడం లేదు. రోజూ పొద్దున్నే ఆమెతో చెప్పడానికి ఒక మాట సిద్ధం చేసుకుంటాడు. మెట్లెక్కేసరికి అది బాగాలేదనిపిస్తుంది. మనసులో ఉన్నది చెప్పెయ్యమని పోరిపోరి, నీకు చెప్పేకంటే గోడకు చెప్పడం నయంరా అని వాళ్ళక్క ఫోన్ పెట్టేసింది.

బుధవారం నిదానం అతన్ని కూర్చోబెట్టి, ప్లేటులో ద్రవం ఎప్పుడెప్పుడు మారుస్తున్నాడని ఆరా తీసింది. రోజూ పొద్దున్నే అని ఒప్పుకున్నాడు. మనసాగకపోతే సాయంత్రం కూడా. కణాలకు తాజాగా ఉంటుంది కదా అని నసిగాడు.

ఆమె తల పట్టుకుంది. "నా కణాలు చెప్పిందంతా మీరు పారబోస్తున్నారు. ఇంక మీవాటికి ఏం వినబడుతుంది?"

శుక్రవారం దాకా ముట్టుకోవద్దంది. ఆ రెండు రోజులూ అతను కాలుగాలిన పిల్లిలా ఇంక్యుబేటర్ చుట్టూ తిరిగాడు. చెయ్యి తలుపు మీదికి పోయినప్పుడల్లా జేబులో దోపుకున్నాడు.

శుక్రవారం బయట వాన. మైక్రోస్కోప్‌లో అతని కణాలు సన్నగా సాగి, ఒకే వైపు తిరిగి, కుదురుగా ఉన్నాయి. ఆమెను పిలిచి చూపించాడు. తర్వాత ఆమె ఆ ఉద్యోగానికి జవాబు చెప్పడానికి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"వెళ్ళకండి. మీరంటే నాకు ఇష్టం" అనేశాడు.

ఆమె తలెత్తి చూసింది. అతను వెంటనే మాట మార్చబోయాడు. "అంటే, ప్రయోగం కూడా మధ్యలో ఉంది కాబట్టి..."

"మార్చకండి. మొదట అన్నది అలాగే ఉండనివ్వండి" అంది నిదానం. పక్కనున్న స్టూలు చూపించింది.

అతను కూర్చున్నాడు. ఆమె ఫోన్‌లో, ఇక్కడ తన పని ఇప్పుడే దారిలో పడిందని, రాలేనని మర్యాదగా చెప్పింది. మాట్లాడుతూనే అతని వైపు చూసి నవ్వింది. బల్ల కింద ఊగుతుండే కాలు ఎప్పుడు ఆగిపోయిందో పాదరసానికి తెలియలేదు.