నిమిషానికి నూట పన్నెండు

“రంధ్రమండీ, గుండె గోడలో. చిన్నదే,” అని గొణిగాడు పేషెంట్.

“నోరు మూసుకోండి,” అంది కాబోయే డాక్టరమ్మ.

ఊరికే ఇస్తుంటే వద్దనే మనిషి, ఇనుప సామాన్ల కొట్టు నడిపే ఆ పేషెంటుకి ఇంతవరకూ తగల్లేదు.

అతనికా రంధ్రం పుట్టుకతో వచ్చింది. ప్రాణానికి ఢోకా లేదు. దాని చప్పుడు కోసమే ప్రభుత్వ వైద్య సంస్థ తన మూడు బోధనాసుపత్రులకూ అతన్ని ఏటా పిలుస్తుంది. ఆఖరి సంవత్సరం విద్యార్థులు అతన్ని పరీక్షించి, జబ్బేమిటో చెప్పి పాసవ్వాలి. పేషెంట్ మాత్రం జవాబు చెప్పకూడదు. ఈ కళ్లజోడు పిల్ల తెర తీసుకుని లోపలికొచ్చాక ఆ షరతు అతనికి గిట్టుబాటు కాలేదు.

“సాయం చేద్దామని...”

“నా చెవులు నాకున్నాయి. చెయ్యిలా ఇవ్వండి. నాడి చూడాలి.”

వాచీ చూస్తూ నిమిషం లెక్కపెట్టింది. అనుమానమొచ్చి మళ్లీ లెక్కపెట్టింది. అతను ఫ్యాను వంక చూశాడు, ఆమె కనురెప్పల వంక చూశాడు, భయపడి మళ్లీ ఫ్యాను వంక చూశాడు. లాభం లేకపోయింది.

ప్రొఫెసరమ్మ వచ్చింది. జబ్బు సరిగ్గానే చెప్పింది పిల్ల. “నాడి నూట పన్నెండు మేడమ్.”

“పొద్దున నేను చూస్తే డెబ్బై ఆరు.”

“రెండుసార్లు చూశాను. నూట పన్నెండే.”

“నువ్వు బయట నిలబడు.” ప్రొఫెసరమ్మ తనే అతని మణికట్టు పట్టుకుంది. “ఎనభై. నాడి లెక్క రానిదాన్ని రోగుల మీదికి వదలమంటావా? ఆర్నెల్లాగి మళ్లీ రా.”

“నాకు తగిలిందే చెప్పాను మేడమ్. మార్చి చెప్పను.” తెర వెనక గొంతు వణికింది, మాట వణకలేదు.

అతను తూకం వేసుకున్నాడు. నోరు విప్పితే తన పరువు పోతుంది. విప్పకపోతే ఆమెకి ఆరు నెలలు. ముల్లు చటుక్కున ఒకవైపే మొగ్గింది.

“మేడమ్, తప్పు ఆవిడ లెక్కది కాదు, సరుకుది. ఆవిణ్ని లోపలికి పిలిచి మళ్లీ పట్టుకు చూడండి.”

“ఏమిటయ్యా నువ్వనేది?... ఇలా రామ్మా.”

తెర కదిలింది. ప్రొఫెసరమ్మ వేళ్ల కింద నాడి తొంభై దాటింది, నూరు దాటింది. ఆవిడ చెయ్యి వదిలేసి, నవ్వు కనబడకుండా గోడవైపు తిరిగింది.

“నీ లెక్క సరైందే. పాస్. కారణం మాత్రం ఏ పుస్తకంలోనూ వెతక్కు. ఏమయ్యా, నిన్నింక పిలవం.”

“గిట్టింది మేడమ్.”

వరండాలో ఆమె పరుగున వచ్చి అందుకుంది. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“ఆవిడ ముందు అలా చెప్పేస్తారా?”

“మిమ్మల్ని ఫెయిల్ చేస్తుంటే ఫ్యాను చూస్తూ కూర్చోమంటారా?”

ఆమె నవ్వాపుకుంది. “మీరిక నా పేషెంట్ కాదుగా. ఆదివారం అమ్మా నాన్నా ఇంట్లోనే ఉంటారు. పదకొండింటికి రండి.”

“తొమ్మిదింటికి వస్తాను.”

“పదిన్నర.”

“తొమ్మిదిన్నర.”

“పది. ఇంకో మాటంటే వచ్చే వారమే.”

బేరంలో ఎవరికీ లొంగని మనిషి కిమ్మనకుండా తలూపి, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.