మాధవ తట్ట

"ముద్ద తింటావా, బోండాలు తింటావా?" అని మునిలక్ష్మి అడిగేసరికి మాధవ ఇంకా చెప్పులు కూడా విడవలేదు. బడి సంచి భుజానే ఉంది.

"బడిలో బాగా తినినానమ్మా. ఆకలి లేదు."

"ఆకలి లేకపోయేదేంది? ఒళ్ళు కాలుతా ఉండాదా ఏమి?"

ఆమె గబగబా వచ్చి వాడి నుదురు తాకింది. మెడ తాకింది. చల్లగానే ఉన్నాయి. అయినా రెండు బోండాలు, నిండా చక్కెర వేసిన పాలు తెచ్చి చేతిలో పెట్టింది.

మాధవ తినేశాడు. ఆ ఇంట్లో వద్దు అనే మాట ఎవరి చెవికీ ఎక్కదు.

బైరకూరులో వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. ఇంటి వెనక పురుగుల షెడ్డు, దాని వెనక మల్బరీ తోట. మాధవ పసిబిడ్డగా ఉన్నప్పుడు జబ్బుపడి పుల్లలా అయిపోయాడట. అప్పటినుంచి వాడి బుగ్గ కాస్త తగ్గినట్టు అనిపిస్తే చాలు, మునిలక్ష్మికి గుండె జారిపోయేది. అవ్వ కొంగులో మురుకులు ముడివేసుకుని తిరిగేది. నాయన పురుషోత్తమ్ ముళబాగలు బజారుకు వెళ్తే బేకరీ పొట్లం లేకుండా ఇల్లు చేరేవాడు కాదు. ముగ్గురూ ముగ్గురే.

అంతలో ఫోన్ మోగింది. బడి నుంచి నాగరత్న టీచర్.

"అయ్యో దేవుడా, ఏమైంది టీచర్? వాని గుండెకేమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు మునిలక్ష్మీ, గాబరా పడొద్దు. ఈపొద్దు డాక్టరమ్మ వచ్చి పిల్లలందర్నీ చూసింది. మాధవ బరువు వయసుకు మించి ఉండాదంట. చక్కెర, బేకరీ తిండ్లు తగ్గించాల. బాగా ఆడనీయాల. వానొక్కనికే కాదు, ఇంట్లో అందరూ మారితేనే వాడు మారేది అని చెప్పింది."

ఫోన్ పెట్టేసి మునిలక్ష్మి గోడకు ఒరిగి కూర్చుంది. "పిల్లోని నోరు కట్టెయ్యమంటా ఉండారత్తా! ఇట్లయితే వాడు దక్కుతాడా?"

"మనోడు దిట్టంగా ఉంటే వాళ్ళకు కండ్లమంట" అంది అవ్వ. "పెట్టే దిక్కు లేనోళ్ళు కదా సన్నగా ఉండేది!"

ఖోఖోలో రెండు చుట్లు తిరిగేలోపే మాధవకు ఆయాసం వస్తుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఇంకో గ్లాసు పాలు వస్తాయి.

వాడు మెల్లగా షెడ్డులోకి పోయాడు. ఈ పంటలో నాయన వాడికంటూ ఒక పురుగుల తట్ట ఇచ్చాడు. "ఇది నీది. దీన్ని బాగా చూసుకుంటే షెడ్డులో నువ్వు నాకు జతగాడివి" అన్నాడు. ఆ మాట విన్న రోజునుంచి మాధవ నిద్రలో కూడా జతగాడే.

పురుగులు ఆ రోజు మూడో జ్వరానికి కూర్చున్నాయి. జ్వరం అంటే రోగం కాదు. పాత చర్మం విడిచి కొత్త చర్మం వేసుకునే సమయాన్ని అక్కడ అట్లా అంటారు. నాయన తట్టల మీద సున్నం పొడి చల్లి, "అన్నీ చర్మం విడిచి లేచేదాకా మేత లేదు" అని చెప్పి తోటకు వెళ్ళిపోయాడు.

మాధవ తన తట్ట మీదికి వంగి చూశాడు. పురుగులన్నీ తల పైకెత్తి కదలకుండా ఉన్నాయి. ఏదో అడుగుతున్నట్టే ఉన్నాయి.

"పాపం, మేత కోసమే చూస్తా ఉండాయి" అనుకున్నాడు. తోటలో లేత ఆకులు కోసుకొచ్చి తట్ట నిండా కప్పాడు. పైన ఇంకో గుప్పెడు వేశాడు. అమ్మ తన కంచంలో వేసినట్టే.

తెల్లవారి షెడ్డులో నాయన గొంతు వినిపించింది. "ఎవురు వేసినారు దీనికి మేత?"

మాధవ పరుగెత్తాడు. ఆకులు వాడిపోయి తడితడిగా అతుక్కుని ఉన్నాయి. ముందు లేచిన పురుగులు తింటున్నాయి. కింద చిక్కుకున్నవి ఇంకా సగం చర్మంలోనే ఉన్నాయి. కొన్ని మెత్తగా వాలిపోయాయి.

"నేనే నాయనా. తల ఎత్తి అడుగుతా ఉండాయి అనుకున్న్యా." వాడు ఆకుల వైపు చూపించాడు. "మంచిదని వేసినా. నిండుగా వేసినా."

నాయన తిట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ఆకునూ ఎత్తుతూ, "అది ఆకలి కాదప్పా" అన్నాడు. "ఊరికే ఉండనీయమని అర్థం. పైన ఇంత ఆకు పడితే పాపం అది యాడికని కదుల్తాది?"

పాల గ్లాసుతో వచ్చిన మునిలక్ష్మి గడప దగ్గరే ఆగిపోయింది. తట్టను చూసింది. కొడుకును చూసింది.

వెనకాలే వచ్చిన అవ్వ, "అమ్మ కొడుకే కదా! అడక్కుండానే కుక్కేది ఎవుర్ని చూసి నేర్చుకున్న్యాడో!" అంది.

"మీరేం తక్కువా అత్తా? మీ కొంగు విప్పండి, అందరం చూస్తాం" అంది మునిలక్ష్మి. అవ్వ చటుక్కున కొంగు నడుముకు దోపుకుంది.

మునిలక్ష్మి కొడుకు పక్కన కూర్చుంది. "మాధవా, నీకు ఇప్పుడు ఆకలిగా ఉండాదా?"

అట్లా ఎప్పుడూ అడగలేదు. మాధవ ఆలోచించాడు. "ఇప్పుడు లేదమ్మా. ఆకలైతే నేనే అడుగుతా."

ఆమె గ్లాసు వెనక్కి తీసుకుపోయింది. వాడికేమవుతుందో అని రెండుసార్లు తిరిగి చూసింది. కానీ తీసుకుపోయింది.

ఆ సాయంత్రం నుంచి మాధవ కూడా నాయనతో మల్బరీ ఆకు కోతకు పోసాగాడు. ఎండ తగులుతుందని, పాము ఉంటుందని భయపడి మునిలక్ష్మి కూడా వెంట వెళ్ళింది. రోజూ వెళ్ళింది. నాలుగైదు రోజులైనా భయం తగ్గలేదుగానీ, నడక మాత్రం బాగా కుదిరింది. ముళబాగలు నుంచి ఇప్పుడు జామకాయలు వస్తున్నాయి. ఇంట్లో అందరి కాఫీలోనూ చక్కెర తగ్గింది. అవ్వ మాత్రం మొదట్లో ముఖం చిట్లించుకునే తాగింది.

నాలుగో జ్వరం వచ్చింది.

"మాధవా, ఈసారి అన్ని తట్టలూ నువ్వే చూడాల. మేత ఎప్పుడనేది నువ్వే చెప్పాల" అన్నాడు నాయన.

మాధవ వెన్ను నిటారుగా అయింది.

మరుసటి రోజు సాయంత్రానికి కొన్ని పురుగులు లేచి అటూ ఇటూ పాకసాగాయి. అవ్వ ఆగలేక గుప్పెడు ఆకులు పట్టుకుంది. "పాపం, రెండాకులు వేస్తే ఏమైతాదిరా?"

మాధవ ఆమె మణికట్టు మెల్లగా పట్టుకున్నాడు. "ఆగవ్వా. ఇంగా లేవనివి ఉండాయి. అన్నీ లేచినాకే."

పక్క షెడ్డు నుంచి ఆవులప్ప కేకేశాడు. "ఏమి పురుషోత్తమ్, ఇంగా మేత వేయలేదా?"

"మా పెద్దమనిషి ఇంగా చెప్పలేదన్నా!" అని నాయన ఊరంతా వినేట్టు బదులిచ్చాడు.

అందరూ ఆగారు. మాధవ ఒక్కో తట్ట దగ్గరా వంగి మెల్లగా ఊది చూశాడు. చివరి తట్టలో కూడా పురుగులన్నీ కదిలాయి.

"ఇప్పుడు" అన్నాడు.

ఆవులప్ప గడపలోకి వచ్చి చూస్తూ ఉండిపోయాడు. "బాగుండాది పిల్లోని లెక్క. రేపు మా షెడ్డుకూ పంపించమ్మా వాన్ని. బండి తెస్తాను."

"బండి ఎందుకన్నా? నడుచుకోనే వస్తాడు" అంది మునిలక్ష్మి, తల కొంచెం ఎత్తి. "ముందు మా తట్టలు కానీ."

మాధవ మొదటి తట్ట మీద ఆకులు పలచగా పరిచాడు.