మంగళవారం గరిక

నాకు చిన్నప్పటి నుంచి ఒక సందేహం ఉండేది. మంగళవారం జుట్టు కత్తిరించుకోకూడదు, గోళ్లు తీయకూడదు అంటారు. మరి గడ్డి కోయవచ్చా? గడ్డి భూదేవికి జుట్టు అని మా అమ్మ చెప్పేది. అమీర్‌పేట గుడిలో పంతులుగారిని అడిగితే, ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "నాయనా, వెనక క్యూ ఉంది" అన్నారు.

జవాబు దొరికేదాకా జాగ్రత్త మంచిదని మంగళ, శుక్రవారాలు గడ్డి కోసే మిషన్ ముట్టేవాణ్ణి కాదు. నా పని లాన్లు పెంచడం. పంజాగుట్టలో ఒక ఆఫీసు లాన్ నాకు అలాగే దొరికింది. మంజూషతో గొడవ కూడా అక్కడే దొరికింది.

ఆమె ఆ ఆఫీసులో అడ్మిన్. ఆ రోజు మంగళవారం, మర్నాడు వినాయక చవితి.

"అన్నా, జర ఇరవై ఒక్క గరిక పోచలు తెంపియ్యి. మా నానమ్మ పూజకు."

మా లాన్ బెర్ముడా గడ్డి. అంటే గరికే, కాస్త పొట్టిది.

"ఈ రోజు మంగళవారం అండీ. రేపు కోస్తాను."

"రేపు ఆఫీసు బంద్. గేటుకు తాళం. బజార్ల గరిక మీదికెల్లి బండ్లు పోతయని మా నానమ్మ ముట్టదు. నీకు దేవుడు కావాల్నా, వారం కావాల్నా?"

"రెండూ కావాలండీ."

ఆమె తనే తెంపుకోవడానికి వంగింది. నేను చేతులు చాపి అడ్డం నిలబడ్డాను. నా లాన్‌లో ఎవరు తెంపినా ఆ దోషం నాకే కదా!

"నీ పేరేంది?"

"వీరవెంకటసత్యనారాయణ."

"నీ పేరు పిలిచేలోపు గడ్డి ఇంకో ఇంచు పెరుగుతది. ఇరవై ఒక్క పోచలు బాకీ ఉన్నవ్. యాదిపెట్టుకో అన్నా!"

ఆ ఏడు వాళ్లింట్లో గరిక లేకుండానే పూజ జరిగింది. నాకు మాత్రం ఆ రాత్రి ఉండ్రాళ్లు కూడా గొంతు దిగలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. వానాకాలంలో బెర్ముడా మన మాట వినదు. ఐదు రోజులకోసారి పైపైన కోయాలి. నేనేమో మంగళవారం వదిలేశాను, శుక్రవారం వదిలేశాను, అమావాస్య వదిలేశాను. మిగిలిన రోజులు వాన వదల్లేదు. మూడు వారాలకు గడ్డి చీలమండలు దాటింది. ఒక బుధవారం ఎండ కాస్తే, భయంతో మొత్తం ఒక్కసారే మొదలంటా కోసిపారేశాను.

కింద మిగిలినవి ఎండు కాడలే. గుండు చేయించిన తల మీద గంధం పూసినట్టుంది.

మేనేజర్ రవికాంత్ గారు చూసి, "దీన్ని పీకేసి పచ్చ ప్లాస్టిక్ చాప పరిపిద్దాం. ఈయన్ని పంపించేయండి" అన్నారు.

పని పోతే ఇంకోటి చూసుకోవచ్చు. కానీ గేటు దగ్గర పొద్దున్నే నన్ను తిట్టే మనిషి ఇంకో చోట దొరుకుతుందా?

"సార్, నెల రోజులు టైమియ్యండి. పచ్చగ కాకపోతే చాప నేనే మోస్త" అంది మంజూష.

ఆయన వెళ్లాక నావైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు, దీనికేం కావాలె?"

"వేళ్లు బతికే ఉన్నాయండీ. జల్లించిన మట్టి, ఎరువు పలచగా చల్లాలి. పొద్దున్నే నీళ్లు పెట్టాలి. తర్వాత ఎప్పుడు కోసినా మూడో వంతు కంటే ఎక్కువ కోయకూడదు."

"గింత తెలిసినోనివి మరి ఎందుకు కోసినవ్?"

"మంగళవారం..."

"ఆపు! ముందు గడ్డికి చెప్పు, మంగళవారం పెరగొద్దని!"

అప్పటి నుంచి మంగళవారాలు మిషన్ ఆమే తోసింది. చీర కొంగు దోపుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వంకరటింకరగా. నేను పక్కన నడుస్తూ గీత చూపించేవాణ్ణి. పాపం ఎవరి ఖాతాలోకి వెళ్తుందో దేవుడే తేల్చుకోవాలని వదిలేశాను. నెల తిరిగేసరికి లాన్ పచ్చబడింది. రవికాంత్ గారు చెప్పులు విప్పి నడిచారు.

చలికాలం వచ్చి గడ్డి మళ్లీ పసుపు తిరిగింది. ఆయన కంగారు పడితే, "పడుకుంది సార్, సావలేదు" అని మంజూషే చెప్పింది. తర్వాత నన్ను అడిగింది.

"ఇప్పుడు మనమేం చెయ్యాలె?"

"ఏమీ చేయకూడదండీ. నీళ్లు తగ్గించి, ఊరికే చూస్తూ ఉండాలి."

"నువ్వు మస్తు దినాల నుంచి గదే చేస్తున్నవ్ గదా!"

ఆ మాట చివర 'అన్నా' లేదు. ఇంటికెళ్లే బస్సులో రెండు స్టాపులు దాటిపోయాక గానీ గమనించలేదు.

ఎండాకాలంలో గడ్డి మళ్లీ లేచింది. ఏప్రిల్ అంతా వెతుక్కున్నా, మంజూషతో చెప్పాల్సిన మాట మాత్రం నా నోట లేవలేదు. మే నెలలో క్యాలెండర్ చూస్తుంటే, సంకటహర చవితి మంగళవారం పడింది. అలా పడితే వినాయకుడికి మరీ ఇష్టమట. గరికతో పూజ చేయాలట. అంటే ఆయనే మంగళవారం గరిక అడుగుతున్నాడు! ఇన్నేళ్లూ నేను ఎవరి తరఫున కాపలా కాశాను?

ఆ మంగళవారం పొద్దున స్నానం చేసి, ఆఫీసు లాన్ గోడ వార తీగసాగిన గరికను నా చేత్తో తెంపాను. తడిగుడ్డలో చుట్టుకుని యూసుఫ్‌గూడలో మంజూష వాళ్లింటికి వెళ్లాను.

మంజూష తలుపు తీసి, నన్నూ నా చేతిలోని గరిక మూటనూ చూసి, మొదటిసారి తడబడింది.

"ఇయాల... మంగళారం గదా?"

"మంగళవారమేనండీ."

లోపలి నుంచి వాళ్ల నానమ్మ నాగేశ్వరి గారు వచ్చారు. గుడ్డ విప్పి, పోచలు ఒక్కొక్కటే వినాయకుడి పటం ముందు పెట్టారు. ఇరవై ఒకటి.

"నీ బాకీ తీరింది బిడ్డా" అన్నారు ఆవిడ, హారతి పళ్లెం అందుకుంటూ. "ఇగ నువ్వు అడగనీకి వచ్చింది అడుగు. జల్ది అడుగు, కర్పూరం అయిపోతది."