కొండ మీద లేని ఓక్ చెట్టు

"నీకంటే ముందు వెళ్లిన చిత్రకారుడు సముద్రంలో శవమై తేలాడు," అన్నాడు కెప్టెన్ హార్డ్‌విక్. "డెవన్ తీరంలో సర్ హంఫ్రీ థోరోల్డ్ బంగ్లా. మన ఫిరంగుల గుట్టు అక్కడి నుంచే ఫ్రెంచివాళ్లకు చేరుతోంది. ఆయన భార్య లవీనియా మన మనిషే. కోడ్: 'నూనె ఆరిందా?' జవాబు: 'వానాకాలం కదా.'"

ఏజెంట్ జొసాయా పెల్‌కు బొమ్మలు వేయడం నిజంగానే వచ్చు. అదే అతని మారువేషం. బొమ్మను నిలబెట్టే ఈజిల్ కాలు బోలు. అందులో పిస్టల్.

బంగ్లాలో పెల్ కోడ్ అడగ్గానే లవీనియా తడుముకోకుండా జవాబు చెప్పి నవ్వింది. ఆ నవ్వుతో పెల్ పని అయిపోయింది. "యుద్ధం ముగిశాక ఎటైనా వెళ్లిపోదాం," అందామె. పిచ్చివాడు నమ్మాడు. ముద్దుల మధ్య ఈజిల్ కాలి సంగతీ చెప్పేశాడు.

పెల్ వేస్తున్న లవీనియా చిత్రం సముద్రం అవతల, ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఆస్టెండ్‌లోని ఆమె అక్కకు కానుకగా వెళ్లాలి.

భూస్వాములు బొమ్మలో తమ వెనక కనిపించే పొలాల్లో అబద్ధాలే వేయమంటారు. గొర్రెలు బలవాలి, చెరువు పెరగాలి, పొరుగువాడి గుడిసె మాయం కావాలి. లవీనియా తీరే వేరు.

"కొండ మీది ఫిరంగులు ఉన్నవున్నట్టు వెయ్యి జొసాయా. ఆ చివరిది ఇంకాస్త ఎడమకి."

పెల్ కుంచె ఆగిపోయింది. ఇలా అడిగినవాళ్లు అతనికి ఇంతవరకూ తగల్లేదు. గుట్టు చేరవేస్తున్నది ఈమేనని ముందువాడికీ ఇక్కడే అర్థమై ఉంటుంది. గుండె పగిలింది. అయినా కెప్టెన్‌కు కబురు పంపాడు.

చిత్రాన్ని పంపే పెట్టె వచ్చింది. వాకిట్లో బండి సిద్ధం. మేకులు కొట్టబోతుంటే పెల్ అడ్డుపడి, కుంచె నిండా ఆకుపచ్చ ముంచి ఫిరంగుల మీద పెద్ద ఓక్ చెట్టు వేసేశాడు.

"ఎంత పని చేశావు!" ఈజిల్ కాలి నుంచి పిస్టల్ లాగి గురిపెట్టింది లవీనియా. "నా మొహం కూడా అబద్ధమేనా?"

"అదొక్కటే ఉన్నదున్నట్టు వేశాను."

ఆమె చిత్రం వంక చూసింది. అందులోని కళ్లు పెల్‌నే చూస్తున్నాయి, దాచుకోలేని ప్రేమతో. పిస్టల్ కిందికి వాలింది. సైనికులు ఆలస్యంగా రావాలని అతను కోరుకున్నాడు. వాళ్లు వేళకే వచ్చారు.

సైనికులు తీసుకెళ్తుంటే గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగింది. "నూనె ఆరిందా?"

"వానాకాలం కదా," అన్నాడు పెల్, కళ్లు తుడుచుకోకుండానే.

సర్ హంఫ్రీ ఆ చిత్రాన్ని భోజనాల గదిలో వేలాడదీయించాడు. భార్య ఊసెత్తలేదు. కొండ మీది ఫిరంగులు తీయించి, బొమ్మలో ఉన్న చోటే ఓక్ చెట్టు నాటించమని మాత్రం నౌకాదళానికి ఇప్పటికీ అర్జీలు పెడుతున్నాడు.