ఎండలో మాయమైన అంకెలు

"మీటరు బాగుచేశారా, ప్రాణం తీశారా?"

సర్వేయరమ్మాయి కొలతల మీటరును బల్లమీద ఠక్కున పెట్టింది. మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవరు జారింది.

"వెలుగుతోంది కదండీ!"

"మీ కొట్టు నీడలో వెలుగుతోంది. పొలంలోకి వెళ్తే ఒక్క అంకె కనపడదు! ఎండలో చదవలేకపోతే వేరే ఊళ్ళో ఆఫీసు పని తీసుకోమన్నాడు మా ఆఫీసరు. రేపే ప్రయాణం."

అతను మీటరు చేతిలోకి తీసుకున్నాడు. ఆమె సంతోషిస్తుందని తానే పాత తెర పీకి, మెరిసే కొత్తది వేశాడు. ఇప్పుడా మెరుపే ఆమెను ఊరు దాటించేలా ఉంది.

కొట్టు యజమాని, అతని బాబాయి, కళ్ళజోడు పైకి నెట్టాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పాత తెర మీదపడ్డ వెలుగునే తిప్పికొట్టి అంకెలు చూపేది. ఎండ ఎంతుంటే అంత స్పష్టం. నువ్వేసింది వెనక దీపంతో బతికేది. సూర్యుడి ముందు ఆ దీపమెంత?"

"పాతదే వేసేస్తా, బాబాయ్."

"అది చీకట్లో కనపడదనేగా ఈ పిల్ల తెచ్చింది. చీకట్లో పొలాలెవరు కొలుస్తారో మరి!"

ఆమె గబుక్కున వీధివైపు తిరిగింది.

"ఎండనీ, దీపాన్నీ రెండింటినీ వాడుకునే రకం ఉందిగా, అది వెయ్యి. ఈసారి వెళ్ళి ఎండలో నిలబడి చూడు," అన్నాడు బాబాయి.

తెర మార్చి, ఆమె వెంట పొలానికి నడిచాడు. నడినెత్తిన సూర్యుడు. మీటరు మీద అంకెలు నల్లగా, నిక్కచ్చిగా నిలిచాయి. అరచేయి అడ్డుపెట్టాడు. నీడలోనూ లోపలి దీపం వాటిని చూపింది.

ఆమె వెంటనే ఫోను తీసింది. "సార్, అంకెలు కనిపిస్తున్నాయి. నేనెక్కడికీ వెళ్ళను."

ఫోను పెట్టేసి అతన్ని చూసింది. "అంత చెమటేంటి? ఎండకేనా?"

"భయానికి. మీరు వెళ్ళిపోతారని."

"వెళ్తే మీకేం?"

ఎన్నిసార్లో నోటిదాకా వచ్చి వెనక్కిపోయిన మాట. ఈసారి మింగితే ఇక దొరకదనిపించింది.

"మీరంటే ఇష్టం. మీరు ఊళ్ళో లేకపోతే ఆ కొట్లో కూర్చోలేను."

ఆమె సంచిలోంచి టేపు తీసి, ఒక కొస అతని చేతిలో పెట్టింది.

"ఆ మూల టేపుతోనే కొలవాలి. పట్టుకుని నడవండి. సాయంత్రం మా అమ్మతో మాట్లాడుదురుగాని."

"అంటే... మీరు..."

"నడవండి మహానుభావా! వదిలేశారంటే మళ్ళీ మొదట్నుంచి కొలవాలి."

అతను వదల్లేదు.